పలమనేరు నుంచి హైదరాబాద్‌కు ఒక ట్యూబు: జన్యువైద్య నెట్‌వర్క్‌లో ఏ పని ఎవరిది?

ఈ కేసు ఏ ఒక్క కుటుంబానిదీ కాదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో తరచూ ఎదురయ్యే పరిస్థితుల్ని ఒక ఇంటి చుట్టూ కూర్చి రాసింది. జబ్బు, పరీక్షలు, చట్టాలు, అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కేసు

పలమనేరు వైపు పల్లె. ఏడు నెలల పాప. మెడ నిలవలేదు. పడుకోబెడితే కాళ్లు రెండు పక్కలకూ వాలిపోతాయి. మోకాలి రిఫ్లెక్సులు లేవు. నాలుక అంచున సన్నటి వణుకు ఉంది. చూపు మాత్రం చురుకు, మనిషిని చూసి నవ్వుతుంది. తల్లిదండ్రులది మేనరికం: పాప తండ్రే పాప తల్లికి సొంత మేనమామ, అంటే అక్క కూతుర్ని చేసుకున్నాడు. మొదటి బిడ్డ తొమ్మిది నెలలకు న్యుమోనియాతో పోయాడు. అప్పుడు జన్యుపరీక్ష ఏదీ చేయలేదు, డీఎన్‌ఏ దాచలేదు. తల్లి ఇప్పుడు మళ్లీ ఎనిమిది వారాల గర్భిణి.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం పాపను చూసి జిల్లా కేంద్రానికి, అక్కడివాళ్లు తిరుపతి బోధనాసుపత్రికి పంపారు. పిల్లల డాక్టరు అనుమానం స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీ, ఎస్‌ఎమ్‌ఏ: వెన్నుపాములోని నరకణాలు దెబ్బతిని కండరాలు నీరసించే జన్యుజబ్బు. అనుమానం సరైనదే. ఇక్కడిదాకా వైద్యం. ఈ తర్వాత జరగాల్సినవన్నీ సంస్థల మధ్య పనులు. శాంపిల్ తీసే స్పోక్ (ఇక్కడ తిరుపతి), పరీక్ష చేసే హబ్ (ఇక్కడ హైదరాబాద్) కలిసిన నెట్‌వర్క్ బాగోగులు తెలిసేది అక్కడే.

ఏ పరీక్ష రాయాలి

రిఫరల్ చీటీ మీద మొదట పడిన మాట "ఎక్సోమ్", అంటే జన్యువుల్లో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే ముక్కలన్నిటినీ (ఎక్సాన్లను) చదివే పరీక్ష. ఇది అందరూ చేసే పనే. పిల్లవాడికి ఏదో జన్యుజబ్బు ఉందనిపిస్తే ఎక్సోమ్ రాసేస్తే అన్నీ బయటపడతాయన్న నమ్మకం బాగా పాతుకుపోయింది. ఈ పాప విషయంలో అది తప్పు పరీక్ష.

ఎస్‌ఎమ్‌ఏ రోగుల్లో దాదాపు 95 శాతం మందికి ఎస్‌ఎమ్‌ఎన్1 జన్యువులోని ఏడో ఎక్సాన్ రెండు కాపీల్లోనూ ఉండదు. దాని పక్కనే దాదాపు అచ్చంగా అలాగే ఉండే ఎస్‌ఎమ్‌ఎన్2 ఉంది. ఏడో ఎక్సాన్‌లో రెండింటికీ ముఖ్యమైన తేడా ఒక్క అక్షరం: 840వ స్థానంలో సి బదులు టి. ఎక్సోమ్‌లో చదివే డీఎన్‌ఏ ముక్కలు చిన్నవి కాబట్టి ఏ ముక్క ఏ జన్యువుదో సాఫ్ట్‌వేర్ తేల్చుకోలేదు. తేల్చుకోలేని ముక్కల్ని మామూలు పైప్‌లైన్ పక్కన పడేస్తుంది. రిపోర్టు "జబ్బుకు కారణమైన మార్పు కనిపించలేదు" అని వస్తుంది, డాక్టరు వేరే జబ్బు వెతకడం మొదలుపెడతాడు. కావాల్సింది కాపీలు లెక్కపెట్టే ఎమ్‌ఎల్‌పీఏ. ఖర్చు ఎక్సోమ్‌లో చిన్న భాగం, ఫలితమూ త్వరగా వస్తుంది.

ఈ తప్పును ఆపాల్సింది ఎవరు? పలమనేరులోనో చిత్తూరులోనో ఉన్న డాక్టరు ప్రతి జన్యుజబ్బుకూ సరైన పరీక్ష గుర్తుపెట్టుకోవాలనడం అన్యాయం. ఇంగ్లండ్ దీనికి 2018లో ఒక జవాబు కట్టింది. దేశాన్ని 7 జన్యు ల్యాబు హబ్‌ల కింద పంచి, అన్నిటికీ కలిపి ఒకే జాతీయ టెస్ట్ డైరెక్టరీ పెట్టింది. అందులో వరుస రోగలక్షణం నుంచి మొదలవుతుంది, పరీక్ష పేరు నుంచి కాదు. ఎస్‌ఎమ్‌ఏ టైప్ 1 అనుమానమైతే ఆర్70, బుద్ధిమాంద్యమైతే ఆర్29, ఐసీయూలో విషమంగా ఉన్న బిడ్డకు ఒకే జన్యువుతో వచ్చే జబ్బు ఉందనిపిస్తే ఆర్14. ఏ కోడ్‌కు ఏ టెక్నాలజీ వాడాలో, ఎవరు రాయవచ్చో అందులోనే ఉంటుంది. డైరెక్టరీలో ఉన్న పరీక్షకే డబ్బు వస్తుంది. జాబితాకూ డబ్బుకూ ఇలా ముడి వేయడమే అసలు పాలన. తక్కినవన్నీ కమిటీల పేర్లు.

ఫ్రాన్స్ అదే పనిని వేరే దారిలో చేసింది. 2016లో ప్రకటించిన జన్యువైద్య ప్రణాళిక కింద పారిస్‌లో ఒకటి, లియాన్ ప్రాంతంలో ఒకటి, రెండే పెద్ద సీక్వెన్సింగ్ కేంద్రాలు పెట్టారు. అక్కడికి శాంపిల్ వెళ్లాలంటే ముందే ఆమోదించిన జబ్బుల జాబితాలో ఉండాలి, నిపుణుల బృందం కూర్చుని ఆ కేసును ఒప్పుకోవాలి. నిపుణులు కొద్దిమందే ఉన్న మన ప్రాంతానికి ఫ్రాన్స్ పద్ధతి ఆకర్షణీయంగా కనిపిస్తుంది గానీ, ఎనిమిది వారాల గర్భిణి ఉన్న కేసును వచ్చే గురువారం మీటింగ్ దాకా ఆపలేం. రెండూ కలపడమే మేలు. ఎస్‌ఎమ్‌ఏ, థలసీమియా, డ్యుషెన్ (కండరాల క్షీణత) వంటి జబ్బుల సూటి పరీక్షలు డైరెక్టరీ ప్రకారం నేరుగా పోవాలి. ఎక్సోమ్, మొత్తం డీఎన్‌ఏ చదివే జీనోమ్ మాత్రం బృందం ముందుకు రావాలి.

మన దేశంలో అన్నిటినీ కలిపే అలాంటి ఒకే సేవ లేదు. విడివిడి ముక్కలున్నాయి. 2019లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మొదలుపెట్టిన ఉమ్మీద్ పథకం కింద జన్యుజబ్బుల నిర్ధారణకు నిదాన్ కేంద్రాలు వచ్చాయి, ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లకు శిక్షణ వచ్చింది. 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానం మొదట 8 సెంటర్స్ ఆఫ్ ఎక్సలెన్స్‌ను గుర్తించింది. వాటిలో హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ)–నిమ్స్ ఆసుపత్రి జంట ఒకటి, బెంగళూరులోని సెంటర్ ఫర్ హ్యూమన్ జెనెటిక్స్–ఇందిరాగాంధీ ఆసుపత్రి జంట ఒకటి. వెయ్యి చెప్పండి, పలమనేరు వాళ్లకు బెంగళూరే దగ్గర. చిత్తూరు వాళ్లకు వేలూరు ఇంకా దగ్గర. రాష్ట్రం గీత ఒక పక్క, మనుషులు బస్సెక్కే దిక్కు ఇంకో పక్క. హబ్ పరిధిని జిల్లా పటం చూసి గీస్తే ఈ కుటుంబాలు సగం దారిలోనే జారిపోతాయి. అందుకే హబ్, స్పోక్‌ల మధ్య ఒప్పందంలో ఒక వాక్యం తప్పనిసరి: కుటుంబం ఏ ఊళ్లో పరీక్ష చేయించుకున్నా రిపోర్టు కాపీ తిరుపతిలో కేసుల్ని వెంబడించే కోఆర్డినేటర్‌కు చేరాలి, దానికి కుటుంబం సమ్మతి మొదటి రోజే తీసుకోవాలి.

ట్యూబు, పేరు, పెట్టె

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబుల్లో పాప నుంచి 2 మి.లీ., తల్లిదండ్రుల నుంచి 3 మి.లీ. చొప్పున రక్తం తీశారు. ఆకుపచ్చ మూత ట్యూబు తీసుకోకూడదు. దానిలోని హెపారిన్ పీసీఆర్‌ను అడ్డుకుంటుంది. తీశాక ట్యూబును మెల్లగా ఎనిమిది పది సార్లు తిరగేయాలి, లేకపోతే గడ్డ కడుతుంది. ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల్లో పెట్టాలి, ఫ్రీజర్‌లో కాదు. ఎండాకాలం తిరుపతిలో 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి జెల్ ప్యాకులు వాడాలి. గడ్డకట్టిన ప్యాకు నేరుగా ట్యూబుకు తగలకుండా మధ్యలో దూది పొరో కాగితమో ఉంచాలి. కారని ట్యూబు, దాని చుట్టూ పీల్చుకునే పొరతో రెండో డబ్బా, బయట గట్టి అట్టపెట్టె, దాని మీద లోపల ఉన్నది రోగి శాంపిల్ అని చెప్పే యూఎన్3373 గుర్తు. ఇది మామూలు ప్యాకింగే. శుక్రవారం మధ్యాహ్నం తీసి శనివారం పంపితే పెట్టె ఆదివారమంతా గోడౌన్‌లో ఉంటుంది. అత్యవసరం కాకపోతే సోమవారం నుంచి బుధవారం దాకానే తీయాలన్న నియమం ఉంటే చాలు.

పేరు దగ్గరే ఎక్కువ ప్రమాదం. పుట్టిన బిడ్డ ట్యూబు మీద "బేబీ ఆఫ్ లక్ష్మి" అని రాస్తారు. ఆ వార్డులో లక్ష్ములు ముగ్గురు ఉంటారు. మేనరికపు ఇళ్లలో తాతపేరు మనవడికి పెడతారు, ఇంటిపేరూ ఒకటే. తండ్రి ట్యూబూ మేనమామ ట్యూబూ తారుమారైతే పేరు చూసి ఎవరూ పట్టుకోలేరు. అందుకని కుటుంబానికి ఒక నంబరు, దాని వెనక మనిషికి ఒక అక్షరం: పాపకు 'పి', తల్లికి 'ఎమ్', తండ్రికి 'ఎఫ్'. పేరు, పుట్టిన తేదీ, ఈ నంబరు మూడూ కలిస్తేనే ల్యాబు శాంపిల్ తీసుకోవాలి. రెండే కలిస్తే ఫోన్ చేయాలి, ఊహించకూడదు.

వంశవృక్షం ఫారంలో "దగ్గరి బంధువుల పెళ్లి: అవును/కాదు" అనే గడి ఒక్కటే ఉంటే అది పనికిరాదు. అక్క కూతుర్ని చేసుకుంటే పుట్టే బిడ్డ జీనోమ్‌లో సగటున 12.5 శాతం రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చినవై ఉంటాయి. మేనత్త, మేనమామ పిల్లల మధ్య పెళ్లి అయితే అది 6.25 శాతం. ఎక్సోమ్ చూసే శాస్త్రవేత్తకు ఈ అంకె ముందే తెలియాలి. తెలియకపోతే రెండు కాపీలూ ఒకేలా ఉన్న పొడవాటి డీఎన్‌ఏ పట్టీలు చూసి ఏదో అనుకోనిది జరిగిందని కంగారుపడి, కుటుంబాన్ని నొప్పించే ప్రశ్న వేసే అవకాశం ఉంది. చిత్తూరులో అది మామూలు సంగతి, ఫారంలో ఉండాల్సిన సంగతి.

0.72

తండ్రి బెంగళూరులో పనిచేస్తాడు, పాప రక్తం తీసిన రోజు రాలేకపోయాడు. నాలుగు రోజుల తర్వాత తిరుపతి వచ్చాడు. స్పోక్ ల్యాబులో డీఎన్‌ఏ తీసే కిట్ ఉంది కాబట్టి ఆయన రక్తం నుంచి అక్కడే డీఎన్‌ఏ తీసి, శుద్ధత చూసి (260/280 నిష్పత్తి 1.85, బాగుంది) హైదరాబాద్ పంపారు. పాప, తల్లి శాంపిల్స్ మాత్రం రక్తంగానే వెళ్లాయి, డీఎన్‌ఏ హబ్‌లోనే తీశారు.

ఫలితాలు వచ్చాయి. పాపకు ఎస్‌ఎమ్‌ఎన్1 ఏడో ఎక్సాన్ నిష్పత్తి 0, ఎస్‌ఎమ్‌ఎన్2 రెండు కాపీలు. వ్యాధి ఖాయం, తీవ్రరూపానికి తగ్గట్టే ఉంది. తల్లికి 0.51, అంటే ఒకే కాపీ, ఆమె క్యారియర్ (తనకు జబ్బు లేకుండా లోపాన్ని మోసే మనిషి). తండ్రికి 0.72.

ఎమ్‌ఎల్‌పీఏలో 0.80 నుంచి 1.20 దాకా మామూలు, 0.40 నుంచి 0.65 దాకా ఒక కాపీ పోయినట్టు. 0.72 ఏ గుంపులోనూ పడదు. తండ్రికి రెండు కాపీలు ఉన్నాయనుకుంటే కథ మారిపోతుంది: పాపలో ఒక మార్పు కొత్తగా వచ్చిందనాలి (అలాంటివి సుమారు 2 శాతం), లేదా ఆయన రెండు కాపీలూ ఒకే క్రోమోజోమ్ మీద ఉన్న దాగిన క్యారియర్ అనాలి. గర్భంలో బిడ్డకు రిస్కు ఎంతో చెప్పే మాట అంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

కారణం జీవశాస్త్రంలో లేదు. ఎమ్‌ఎల్‌పీఏ నిష్పత్తి అంటే పక్కనే నడిపిన మామూలు శాంపిల్స్‌తో పోల్చి తీసిన అంకె. ఆ మామూలు శాంపిల్స్ డీఎన్‌ఏ కూడా అదే పద్ధతిలో తీసి ఉండాలి. వేరే కిట్‌తో తీసిన డీఎన్‌ఏలో మిగిలిపోయే ఉప్పు కొన్ని ప్రోబ్‌ల సిగ్నల్‌ను పెంచుతుంది, కొన్నిటిని తగ్గిస్తుంది. 260/280 బాగున్నంత మాత్రాన ఈ లోపం బయటపడదు. తండ్రి నుంచి మళ్లీ రక్తం తెప్పించి హబ్‌లోనే డీఎన్‌ఏ తీసి నడిపితే 0.49 వచ్చింది. ఈ లోపు తొమ్మిది రోజులు పోయాయి. వాటిలో ఆరు రోజులు తండ్రిని మళ్లీ పిలిపించడానికే.

ఇది ల్యాబు టెక్నీషియన్ తప్పు అని రాసి ఫైలు మూసేయడం తేలిక. తిరుపతిలో కిట్ కొన్నది ఒక ప్రాజెక్టు డబ్బుతో, హైదరాబాద్‌లో పద్ధతి ఎంచుకున్నది ఇంకో సంస్థ. రెండూ కలిసే చోట మాట్లాడే అధికారం ఎవరికీ రాసి లేదు. ఐఎస్‌ఓ 15189 నాణ్యతా ప్రమాణం కింద ఎన్‌ఏబీఎల్ సంస్థ ల్యాబులకు ఇచ్చే గుర్తింపు హబ్‌కు విడిగా ఉండవచ్చు, స్పోక్‌కు విడిగా ఉండవచ్చు. రెండు ల్యాబుల మధ్య ఉన్న దారికి ఎవరి గుర్తింపూ వర్తించదు. కాబట్టి నెట్‌వర్క్ నాణ్యతా కమిటీకి రెండే అధికారాలు ఇచ్చినా చాలు: డీఎన్‌ఏ ఎక్కడ, ఏ కిట్‌తో తీయాలో నిర్ణయించడం, ఒప్పుకోని శాంపిల్‌ను కారణం రాసి తిప్పి పంపడం. స్పోక్‌లో తీయక తప్పదంటే, అదే రోజు అదే కిట్‌తో తీసిన మూడు మామూలు శాంపిల్స్ కలిపి పంపాలి. ఈ ఒక్క వాక్యం ఒప్పందంలో ఉంటే 0.72 వచ్చేది కాదు.

గడియారం

మాయ నుంచి ముక్క తీసే సీవీఎస్ 11 నుంచి 13 వారాల మధ్య చేస్తారు. ఆ గడువు దాటితే 15 వారాల తర్వాత ఉమ్మనీరు తీయాలి. కుటుంబానికి నిర్ణయం తీసుకునే సమయం అంతమేర తగ్గుతుంది. ఈ కేసులో తల్లి ఎనిమిదో వారంలో వచ్చింది, తల్లిదండ్రుల ఫలితాలు తేలేసరికి పదకొండో వారం దాటింది. సీవీఎస్ పన్నెండో వారం చివర జరిగింది.

నెట్‌వర్క్‌ల్లో "ఫలితం ఇన్ని రోజుల్లో" అని లెక్కించేటప్పుడు గడియారం ఎప్పుడు మొదలవుతుందో చూడాలి. ల్యాబుకు శాంపిల్ అందిన రోజు నుంచి లెక్కిస్తే ల్యాబు అంకెలు ఎప్పుడూ అందంగానే ఉంటాయి. తండ్రి కోసం ఎదురుచూసిన రోజులు, తిప్పి పంపిన రోజులు ఎవరి ఖాతాలోకీ రావు. డాక్టరు పరీక్ష రాసిన రోజు నుంచి కుటుంబానికి చెప్పిన రోజు దాకా లెక్కించాలి. మధ్యలో ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో విడిగా రాయాలి. గర్భిణి ఉన్న కుటుంబం ఫారం పైన వారం సంఖ్య పెద్దగా రాసి, ఆ పెట్టెకు వేరే రంగు చీటీ అంటిస్తే ల్యాబులో వరుస మారుతుంది. రంగు చీటీ చాలా తక్కువ ఖర్చు.

సీవీఎస్ గర్భస్థ పరీక్షలను నియంత్రించే పీసీపీఎన్‌డీటీ చట్టం కింద నమోదైన చోటే జరగాలి. సమ్మతి ఫారం 'జి' ఆమెకు అర్థమయ్యే భాషలో ఉండాలి, ఒక కాపీ ఆమెకు ఇవ్వాలి. శాంపిల్‌తో పాటు తల్లి రక్తం కూడా పంపాలి. సీవీఎస్ ముక్కలో తల్లి కణాలు కలిసి ఉంటే ఫలితం తల్లిదే వచ్చి బిడ్డదనిపిస్తుంది. మనిషికీ మనిషికీ తేడా చూపే ఎస్‌టీఆర్ డీఎన్‌ఏ మార్కర్లతో ఆ కల్తీ లేదని తేల్చాకే రిపోర్టు ఇవ్వాలి. ఈ తల్లి క్యారియర్ కాబట్టి కల్తీ జరిగితే "ఒక కాపీ ఉంది, బిడ్డ క్షేమం" అనే తప్పుడు ధైర్యం వచ్చేది.

రిపోర్టు: ఎస్‌ఎమ్‌ఎన్1 ఒక కాపీ, తల్లి కణాల కల్తీ లేదు. గర్భంలోని బిడ్డకు జబ్బు లేదు, క్యారియర్.

ఎవరు చెప్పాలి, ఎవరికి

ఫోన్ నంబరు మారిపోయింది. పాత అలవాటు ప్రకారం ఆశా కార్యకర్తకు చెప్పి ఇంటికి పంపితే కుటుంబం దొరుకుతుంది. ఆమె అదే ఊరి మనిషి, కొన్నిసార్లు బంధువు కూడా. ఆమెకు చెప్పాల్సింది "మంగళవారం తిరుపతికి రమ్మనండి" అన్నంతవరకే. ఏ పరీక్ష, ఏ ఫలితం అనేవి ఆమె చేతిలో పెట్టకూడదు. క్యారియర్ అన్న మాట ఊళ్లో పాకితే ఆ ఇంటి ఆడపిల్లల సంబంధాలు చెడతాయి, మగపిల్లలకు అంత కాదు. అది ఎంత అన్యాయమో అందరికీ తెలిసిందే.

పాప చికిత్సకు దారి వేరు. అరుదైన వ్యాధుల జాతీయ విధానంలో ఎస్‌ఎమ్‌ఏ మూడో గ్రూపులో (చికిత్స ఉన్నా చాలా ఖరీదైన జబ్బుల్లో) ఉంది. సాయం పరిమితిని 2022లో రూ.50 లక్షలకు పెంచారు. సాయం సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్ ద్వారానే అందుతుంది. కాబట్టి పాజిటివ్ రిపోర్టు వచ్చిన రోజే ఆ కేంద్రంలో నమోదు చేయించే పని కోఆర్డినేటర్‌ది అని రాసిపెట్టాలి. కుటుంబానికి వదిలేస్తే వాళ్లు ముందు డబ్బు కోసం, తర్వాత నాటు మందు కోసం తిరుగుతారు. మందు ఖరీదు దీర్ఘకాలంలో ఆ పరిమితిని దాటుతుందన్న నిజాన్ని కూడా మొదటే చెప్పాలి.

ఇక్కడే కోఆర్డినేటర్ ఉద్యోగం గురించి ఒక మాట. యంత్రాలకు డబ్బు దొరుకుతుంది, ప్రారంభోత్సవం ఫోటో వస్తుంది. ట్యూబు ఎక్కడ ఆగిందో ఫోన్ చేసి కనుక్కునే నర్సు జీతం మాత్రం మూడేళ్ల ప్రాజెక్టులోంచి వస్తుంది, ప్రాజెక్టు అయిపోగానే ఆమె పోతుంది. ఆమెతో పాటు ఏ కుటుంబానికి ఏ ఫలితం బాకీ ఉందో కూడా పోతుంది. కాబట్టి ఆ పోస్టు ఆసుపత్రి శాశ్వత పట్టికలో ఉండాలి.

డేటా

ఎమ్‌ఎల్‌పీఏ ఫలితం ఒక పేజీ. ఎక్సోమ్, జీనోమ్ వచ్చేసరికి లెక్క మారుతుంది: 30 రెట్ల లోతుతో చదివిన ఒక జీనోమ్ ముడి డేటా సుమారు 100 జీబీ. ఇంగ్లండ్‌లో వైద్యం కోసం ఇచ్చే సమ్మతిని, పరిశోధన గ్రంథాలయంలో డేటా ఉంచడానికి ఇచ్చే సమ్మతిని విడివిడిగా అడుగుతారు. రెండోది కాదన్నా మొదటిది ఆగదు. మన ఫారాల్లో రెండూ ఒకే సంతకం కింద పడిపోతుంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పూర్తిగా అమల్లోకి వస్తే అలా కుదరదు.

జీనోమ్ ఇండియా 20 సంస్థలతో 10,000 మంది జీనోమ్‌లు చదివింది. ఆ డేటాను 2025 జనవరిలో ఫరీదాబాద్ భారతీయ జీవ డేటా కేంద్రం ద్వారా నియంత్రిత పద్ధతిలో అందుబాటులోకి తెచ్చారు. అది చికిత్స నెట్‌వర్క్ కాదు, పరిశోధన. కానీ ఇక్కడి పిల్లల ఎక్సోమ్‌లలో తేలే "అర్థం తెలియని మార్పుల"కు అది నేరుగా పనికొస్తుంది. పశ్చిమ దేశాల డేటాబేసులో కనిపించని మార్పు మన జనంలో మామూలుగా ఉందని తేలితే ఆ రిపోర్టు మారాలి. పాత రిపోర్టును మళ్లీ తెరవాల్సింది ఎవరు, ఎన్నేళ్లకు? ల్యాబు డాక్టరును చూపిస్తుంది, డాక్టరు ల్యాబును చూపిస్తాడు. రెండేళ్లకోసారి, లేదా ఇంట్లో కొత్త గర్భం వచ్చినప్పుడు, స్పోక్ అడగాలి, హబ్ ఉచితంగా తిరిగి చూడాలి. ఇంతకన్నా ఘనమైన నియమం పెట్టినా నడవదు.

మిగిలిన పనులు

తండ్రి అక్కే తల్లికి తల్లి. ఇద్దరు క్యారియర్లకూ ఆ లోపం చాలావరకు ఒకే చోటినుంచి వచ్చి ఉంటుంది కాబట్టి ముందు అమ్మమ్మను పరీక్షించాలి, తర్వాత ఆమె తోబుట్టువుల్ని. తండ్రి మిగిలిన అన్నదమ్ముల్లో, అక్కచెల్లెళ్లలో ప్రతి ఒక్కరూ క్యారియర్ అయ్యే అవకాశం సగం ఉంది. ఆ ఇంట్లో వచ్చే ఏడాది ఇంకో మేనరికం అనుకుంటున్నారు. పెళ్లి ఆపమని చెప్పే పని కౌన్సెలర్‌ది కాదు. ఇద్దరికీ పరీక్ష చేసి, ఇద్దరూ క్యారియర్లయితే ప్రతి గర్భంలో పావు వంతు ప్రమాదం ఉందనీ, పన్నెండో వారంలోనే తెలుసుకునే వీలుందనీ చెప్పాలి. ఈ వరుస పరీక్షల ఖర్చు ఎవరిదో ఏ పథకంలోనూ స్పష్టంగా లేదు. హబ్ కేటాయింపులోనే పాజిటివ్ కేసుకు ఆరుగురు బంధువుల చొప్పున ముందే లెక్క కట్టాలి.

ఇంకొకటి. పిల్లలకు క్యారియర్ పరీక్ష చేయకూడదు, పెద్దయ్యాక వాళ్లే నిర్ణయించుకోవాలి అన్నది పద్ధతి. పుట్టబోయే ఈ బిడ్డ క్యారియర్ అని సీవీఎస్‌లోనే తెలిసిపోయింది. పద్దెనిమిదేళ్లు నిండాక ఆ సంగతి ఆ బిడ్డకు ఎవరు చెప్పాలో రాసుకునే గడి ప్రస్తుత రిజిస్టరులో లేదు. దాన్ని చేర్చమని నాణ్యతా కమిటీకి రాయడం జరిగింది, జవాబు రావాల్సి ఉంది.